పాత లెన్సు, కొత్త లెన్సు, మా దాదీ ఫేట్యా



పోయిన సంచికలో నేను ఏమీ రాయలేదు. "ఎప్పుడు చూసినా గోడ దగ్గర నిలబడి చదువుతవు, ఒక్కసారన్న రాయవు" అని సంపాదక బృందం అక్కలు మెస్సు లైన్లో నన్ను పట్టుకున్నారు. నాకు కథలు రావు. కవితలు అసలే రావు. దసరా సెలవుల్లో నేను చేసిన ఒక పని మాత్రం నాకు బాగా తెలుసు కాబట్టి అదే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మూడు చార్టులు పట్టాయి, క్షమించాలి. ఇంకొక మాట. తెలుగు మేడం నా "అన్నడు"లను అన్నిటినీ "అన్నాడు" అని దిద్దారు. మనుషులు మాట్లాడిన చోట మాత్రం ఎట్లున్నది అట్లనే ఉండనీ అన్నారు.

మా మామకు కల్వకుర్తిలోనే ఫోటో స్టూడియో ఉంది. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, ఒక నీలం తెర, రెండు గొడుగు లైట్లు, ఒక కంప్యూటరు. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లు, అంతే. సెలవుల్లో నేను తండాకు పోయే ముందు రెండు మూడు రోజులు మామ ఇంట్లో ఉంటాను. స్టూడియో ఊడ్చి, ఫోటోలు కత్తిరించి, కవర్లలో పెట్టి ఇస్తాను. ఈసారి ఊడుస్తుంటే బీరువా కింద ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. మూత తీస్తే గుడ్డలో చుట్టిన ఒక లెన్సు, దాని చుట్టూ తేమ పీల్చే గుళికల పొట్లాలు.

అది మామకు పని నేర్పిన ఉస్తాద్ గారిది. 1989లో ఎన్టీ రామారావు మన కల్వకుర్తిలో నిలబడి ఓడిపోయిన ఎలక్షన్లు ఉన్నాయి కదా, ఆ రోజుల్లో ఉస్తాద్ హైదరాబాద్ పోయి పాత కెమెరా ఒకటి కొన్నాడట, దాని మీద వచ్చిన లెన్సు ఇది. మొత్తం లోహం, చేతిలో పట్టుకుంటే తూకం రాయి లాగ ఉంటుంది. పేరు హీలియోస్ 44-2. సోవియట్ యూనియన్‌లో జెనిట్ అనే కెమెరాలకు బిగించి అమ్మేవారు. నాభ్యంతరం 58 మిల్లీమీటర్లు. మీద ఉన్న నంబరు 84తో మొదలవుతుంది, రష్యా లెన్సులకు మామూలుగా మొదటి రెండు అంకెలే తయారైన సంవత్సరం అని మామ చెప్పాడు. అంటే 1984. ఆ దేశమే 1991లో లేకుండా పోయింది. ఉస్తాద్ గారూ లేరు. కెమెరా షట్టరు పాడై పాత సామాను బండికి పోయింది. లెన్సు మిగిలింది.

లోపల ఒక పక్కన సాలెపురుగు కాళ్ల లాంటి సన్న గీతలు ఉన్నాయి. అది బూజు. వానకాలం తోలు సంచిలో మూసిపెడితే లెన్సుకు బూజు పడుతుందట, ముదిరితే గాజునే తినేస్తుందట. అందుకే ఆ పొట్లాలు. తోలు సంచి కంటే రేకు డబ్బానే మేలు అని మామ అంటాడు.

"దీన్ని ఎందుకు దాస్తున్నవు మామా, ఇప్పటి లెన్సుల ముందర ఇది పనికొస్తదా?" అని అడిగాను. మామ కోప్పడలేదు. "నువ్వే చూసి చెప్పు. సైన్సు చదువుతున్నవు కద" అన్నాడు.

మామది కానన్ డిజిటల్ కెమెరా. దానికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఉంది, 2015లో వచ్చిన రకం. ప్లాస్టిక్ ఒళ్లు, 160 గ్రాములే. పాతది 230 గ్రాముల దాకా ఉంటుంది. పాత లెన్సు మరతో బిగిసే రకం, 42 మిల్లీమీటర్ల మర. కొత్త కెమెరాకు మర ఉండదు, తిప్పితే పట్టుకునే గాళ్లు ఉంటాయి. మధ్యలో ఒక రింగు పెట్టాలి. మామ దాన్ని ఎప్పుడో నాలుగైదు వందలకు తెప్పించి పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. పాత మర లెన్సులకు, లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ దాకా 45.46 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. కానన్‌లో ఆ దూరం 44. కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటరు మందం రింగుకు జాగా దొరికింది. నికాన్‌లో 46.5. అక్కడ రింగు పెట్టకముందే దూరం ఎక్కువైపోయింది, ఇక కొండలు, చెట్లు, దూరం మనుషులు ఎంత తిప్పినా స్పష్టంగా రారు, రింగులో ఇంకో గాజు పెడితే తప్ప. ఒక్క మిల్లీమీటరు కోసం ఒక లెన్సు ఒక కెమెరాకు పనికొస్తది, ఇంకో కెమెరాకు రాదు. స్కేలు మీద మిల్లీమీటరు గీత చూసినప్పుడల్లా నాకు ఇదే యాదికొస్తది. (ఇది మేడం దిద్దలేదు.)

పరీక్ష ఇట్లా చేశాం. దినపత్రికలో టెండర్ నోటీసుల పేజీ గోడకు అంటించాం, ఎందుకంటే అక్షరాలు అన్నిటికన్నా చిన్నగా ఉండేది ఆ పేజీలోనే. కెమెరాను స్టాండు మీద పెట్టాం. చేయి తగలకుండా రెండు సెకన్ల టైమరు. ముందు కొత్త లెన్సుతో, తర్వాత పాత లెన్సుతో, ఎఫ్ నంబరు ఒక్కొక్కటి మార్చుకుంటూ తీశాం. 50కి 58కి తేడా ఉంది కాబట్టి, పేజీ రెండింటిలోనూ ఒకే సైజులో పడేటట్టు స్టాండు కొంచెం వెనక్కి జరిపాం.

ఎఫ్ నంబరు అంటే తెలియని చెల్లెళ్ల కోసం: నాభ్యంతరాన్ని లెన్సు రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 58ని ఎఫ్ 2తో భాగిస్తే రంధ్రం 29 మిల్లీమీటర్లు, రెండు రూపాయల బిళ్ల కంటే పెద్దది. ఎఫ్ 8 దగ్గర ఏడు మిల్లీమీటర్ల కంటే కొంచెం ఎక్కువ, శనగగింజంత. నంబరు పెరిగితే రంధ్రం చిన్నది అవుతుంది. నేనూ మొదట తిరకాసుగా అనుకున్నాను.

కంప్యూటరులో పెద్దవి చేసి చూశాం. రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు పాత లెన్సులో పేజీ మధ్యలో అక్షరాలు చదవొచ్చు, కానీ ప్రతి అక్షరం చుట్టూ సన్నని పొగ. పాల మీద మీగడ కదిలినట్టు. అంచులకు పోయేకొద్దీ అక్షరాలు అలుక్కుపోయాయి. కొత్త లెన్సు మధ్యలో గీసినట్టు ఉంది, అంచుల్లో అది కూడా కొంచెం నీరసించింది, మూలలు నల్లబడ్డాయి. ఇక్కడిదాకా నేను అనుకున్నట్టే జరిగింది. ఎఫ్ 4కు వచ్చేసరికి పాత లెన్సులో పొగ పోయింది. ఎఫ్ 8లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి మామ పేర్లు మూసేసి అడిగితే నేను తప్పు చెప్పాను. మళ్లీ అడిగితే మళ్లీ తప్పు చెప్పాను. ఎఫ్ 16లో రెండూ మొద్దుబారాయి. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి దాని అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది, వివర్తనం. అది పాత కొత్త చూడదు.

కానీ ఈ పరీక్షలో పాత లెన్సుకు ఒక లాభం జరిగింది, అది దాచడం నాకు ఇష్టం లేదు. ఆ లెన్సు చేసింది 36 మిల్లీమీటర్లు పొడుగు, 24 వెడల్పు ఉన్న ఫిల్మ్ కోసం. మామ కెమెరాలో ఫిల్మ్ జాగాలో ఉండే పలక 22 పొడుగు, 15 వెడల్పు, అంతే. అంటే లెన్సు వేసిన బొమ్మలో మంచి నడిమి భాగాన్నే కెమెరా తీసుకుంది. చెడ్డ మూలలు బయటే ఉండిపోయాయి. పరీక్షలో కష్టమైన ప్రశ్నలు కొట్టేసి మార్కులు వేసినట్టు.

తర్వాత కిటికీకి ఎదురుగా పెట్టి తీశాం. ఇక్కడ మాత్రం పాతది ఓడింది, మాట లేకుండా ఓడింది. కొత్త లెన్సులో కిటికీ చువ్వలు నల్లగానే ఉన్నాయి. పాత లెన్సులో ఫోటో అంతా తెల్లటి పొర కప్పింది, చువ్వలు బూడిద రంగుకు తిరిగాయి, మధ్యలో గుండ్రటి మచ్చలు వరుసగా పడ్డాయి.

ఎందుకు అని సెలవుల తర్వాత భౌతికశాస్త్రం సార్‌ను అడిగాను. గాలి నుంచి గాజులోకి పోయేటప్పుడు ప్రతి తలం దగ్గర సుమారు 4 శాతం వెలుగు వెనక్కి తిరుగుతుంది. హీలియోస్‌లో ఆరు గాజులు ఉన్నాయి, కొన్ని అతికించి ఉంటాయి కాబట్టి గాలికి తగిలే తలాలు ఎనిమిది. పూత ఏమీ లేకపోతే 100 పాళ్ల వెలుగులో 72 పాళ్లే దాటుతుంది. నేను నోట్‌బుక్కులో గుణించి చూశాను, నిజమే. ఆ మిగిలిన 28 ఎక్కడికి పోతుంది? కొంత లోపలే ఆ గాజుకూ ఈ గాజుకూ తగిలి తిరిగి తిరిగి ఫిల్మ్ మీదనే పడుతుంది. అదే తెల్లపొర. హీలియోస్‌కు ఒక వరస పూత ఉంది, అందుకని నష్టం తలానికి ఒక శాతం అనుకున్నా 92 పాళ్లు దాటుతుంది. కొత్త వాటికి ఒకదాని మీద ఒకటి చాలా పూతలు. అర శాతమే పోతుంది అనుకుంటే పది తలాలు దాటినా 95 మిగులుతుంది.

ఈ పూత కథ కూడా చాలా బాగుంది. 1890లలో ఇంగ్లండులో డెనిస్ టేలర్ అనే లెన్సులు చేసే ఆయన, ఏండ్ల తరబడి వాడి పైన మసకబారిన లెన్సు కొత్త లెన్సు కంటే ఎక్కువ వెలుగు పోనిస్తున్నదని గమనించాడు. మసక అనుకున్నదే పలుచని పూత లాగ పనిచేసింది. లెన్సుకు అట్లాంటి పలుచని పూత వేసే పద్ధతి ఒకటి 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో స్మకులా అనే ఆయన కనిపెట్టాడు. అదే జైస్‌లో పాల్ రుడాల్ఫ్ 1896లోనే ఆరు గాజుల లెన్సు చేశాడు, ప్లానార్ అని. లెక్క ప్రకారం చాలా గొప్పది, కానీ పూత లేక తెల్లపొర పట్టేది. మా మామ పాత లెన్సులో ఆరు గాజులు. కొత్త లెన్సులో కూడా ఆరే గాజులు! రెండూ ఆ 1896 ఇంట్లో పుట్టిన మనుమలే. నేను "కొత్తది" అంటే అందులో ఉన్నదంతా కొత్తదనుకున్నాను.

ఇక తండా సంగతి.

మా దాదీ అంటే నాయనమ్మ. మా తండాలో రోజూ ఫేట్యా, కాంచళి, టుక్రి తొడుక్కునే ఆడవాళ్లు ఇప్పుడు నలుగురే మిగిలారు, అందులో మా దాదీ ఒకరు. లంబాడి కాని అక్కల కోసం చెప్తున్నాను, ఫేట్యా అంటే పావడ, కాంచళి అంటే రవిక, టుక్రి తల మీద ముసుగు. దాదీకి రెండు ఫేట్యాలు ఉన్నాయి. ఒకటి రోజూ కట్టేది. ఇంకొకటి పెళ్లినాడు వాళ్ల అమ్మ కుట్టి ఇచ్చింది, తీజ్ పండుగకు, పెళ్లిళ్లకు మాత్రమే తీస్తుంది. ఎర్ర గుడ్డ మీద అద్దాలు, గవ్వలు, అంచు పొడుగునా ఏడు వరుసల కుట్టు. ఏ వరుసకు ఆ వరుస వేరే.

మా దాదాకు కాలు ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, అప్పు అయింది. పాత బట్టలు కొనే ఒకతను బండి మీద తండాలు తిరుగుతాడు, పట్నంలో వాటికి గిరాకీ ఉందట. దాదీ ఆ పెండ్లి ఫేట్యా అమ్ముతానని చెప్పింది. ఎవరూ అడగలేదు, తనే చెప్పింది. మా బాపు వద్దన్నాడు గాని గట్టిగా అనలేదు. నేను పండుగకు పోయేసరికి ఆ సంగతి నడుస్తున్నది. మామకు ఫోన్ చేసి ఏడిస్తే, కెమెరా రెండు లెన్సులు సంచిలో వేసుకొని తెల్లారి బస్సుకు వచ్చాడు. అమ్మేలోపు దాదీని ఆ బట్టల్లో ఫోటో తీద్దామని.

పొద్దున ఏడు గంటలకు వేపచెట్టు కింద నిలబెట్టాం. దాదీ అలంకరించుకొని వచ్చింది. జుట్టుకు టోప్లి, ఘుగ్రి వేలాడదీసింది, చేతులకు బళియాలు. నేను ఎప్పుడూ అంత నిండుగా చూడలేదు. ఆమె కదిలితే అద్దాల వెలుగు చెట్టు మొదలు మీద, కుక్క మీద, మా అందరి మొహాల మీద చుక్కలు చుక్కలుగా పరుగెత్తింది.

మామ కెమెరా నా చేతికే ఇచ్చాడు. పాత లెన్సుతో ఎఫ్ 2లో తీశాను. పాత లెన్సుకు దానంతట అది ఫోకస్ చేసుకోవడం తెలియదు, చేత్తో తిప్పాలి. అందులో నేను సగం ఫోటోలు పాడు చేశాను, అది లెన్సు తప్పు కాదు, నాది. దాదీ ఊరికే కదులుతుంది. "ఇంకెంతసేపే, పొయ్యి మీద బువ్వ ఉంది" అని మా భాషలో ఒకటే తొందర. కానీ పడ్డ ఫోటో పడ్డట్టు పడింది. ఆమె కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. చెంపలు మెత్తగా ఉన్నాయి. నడుము కిందికి పోయేకొద్దీ అద్దాలు ఒక్కొక్కటి దీపాల లాగ గుండ్రంగా విచ్చుకున్నాయి, అంచుల దగ్గర చేప కన్ను లాగ కోలగా అయ్యాయి. వెనకాల వేపాకులు ఆమె చుట్టూ తిరుగుతున్నట్టు ఉన్నాయి.

కొత్త లెన్సుతో కూడా తీశాను. ముందు రంధ్రం తెరిచి, తర్వాత మామ చెప్పినందుకు ఎఫ్ 8లో. తెరిచినప్పుడు అద్దాల అంచులకు ఊదారంగు గీత వచ్చింది. కొత్త లెన్సుకు కూడా వస్తుంది, పాతదానికే అని అనుకోవద్దు. అది కాంతి విక్షేపణం, మన పదో తరగతి పాఠం. ఎఫ్ 8లో అది కూడా పోయింది. ఆ ఫోటోలో దాదీ ముడతలు, పచ్చబొట్టు చుక్కలు, కాంచళి చంక కింద మాసిక, గుడ్డ మీద నూనె మరక, అన్నీ ఉన్నాయి. నాకు నచ్చలేదు. ఆధార్ కార్డు ఫోటో లాగ ఉందనుకున్నాను.

మా బావ తన ఫోనుతో కూడా తీశాడు, వెనకాల మసకగా వచ్చే పద్ధతిలో. చూడగానే అందరూ ఆహా అన్నారు. పెద్దది చేసి చూస్తే ఒక పక్క ఘుగ్రి సగం లేదు. ఫోనులో లెన్సు గింజంత ఉంటుంది, దానికి అంత మసక రాదు, లోపలి లెక్క ఎక్కడ మనిషి, ఎక్కడ చెట్టు అని ఊహించి చెట్టును చెరుపుతుంది. ఘుగ్రి వెండిది, పాపం చెట్టు అనుకుంది.

హాస్టలుకు వచ్చేటప్పుడు రెండు ఫోటోలు ప్రింట్ వేయించుకొని తెచ్చాను. మన డార్మెటరీలో చాలామంది చూశారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఏది బాగుందని అడిగితే అందరూ పాత లెన్సు ఫోటోనే చూపించారు. వార్డెన్ మేడం కూడా "ఇది క్యాలెండర్‌కు వేసుకోవచ్చు" అన్నారు. నేను దాన్ని ట్రంకు పెట్టె మూతకు లోపల అంటించుకున్నాను. రెండోది గైడ్‌లో పెట్టి మరిచిపోయాను.

ఫేట్యా నాలుగు వేలకు పోయింది. దీపావళికి ఇంటికి పోతే దండెం మీద అది ఉండే జాగా ఖాళీగా ఉంది. దాదీ ఏమీ అనలేదు. మా కాకీ మాత్రం, అంటే మా చిన్నాయన భార్య, ఇంకో ఎర్ర గుడ్డ కొనుక్కొచ్చింది. "గట్లాంటిదే నేను కుడత, నీ పెండ్లికి. ఫోటో దియ్యి" అన్నది. పెండ్లి మాట పక్కకు పెట్టండి, నేను చదువుకుంటాను అని చెప్పాను. ఫోటో మాత్రం గర్వంగా తీసి ఇచ్చాను, ట్రంకు మూతది, అంచులు చిరగకుండా ఊడదీసి.

కాకీ దాన్ని వెలుగులో పెట్టి, దగ్గరికి దూరానికి జరిపి చూసింది. "మంచిగుంది. గని ఇండ్ల కుట్టు ఏదే?" అన్నది.

కుట్టు లేదు. దీపాలు ఉన్నాయి. ఏడు వరుసలు ఉండాల్సిన చోట వెలుగు చుక్కలు ఉన్నాయి. నేను తలుపు దగ్గర నిలబడి, ఏం చెప్పాలో తెలియక, వెనకాల ఆకులు తిరుగుతున్నట్టు ఉన్నాయి చూడు అన్నాను. కాకీ నా మొహం చూసి ఊరుకుంది.

మరునాడు మామ దగ్గరికి పోయి, కంప్యూటరులో ఆ ఎఫ్ 8 ఫోటో, నేను ఆధార్ ఫోటో అన్నది, పెద్దగా తెరిచాం. అద్దం చుట్టూ ఎన్ని పోగులు అల్లారో లెక్కపెట్టొచ్చు. తెల్లదారం ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ కిందికి పోయింది, గవ్వ ఎక్కడ కుట్టారు, అన్నీ ఉన్నాయి. కాకీ గీతల పుస్తకంలో గళ్లు గీసుకొని ఒక్కొక్క వరుస ఎక్కించుకుంది. ఐదు వరుసలు దొరికాయి. ఆరో వరుస ముందు వైపు దాదీ చేతి కింద పడిపోయింది. వెనక వైపు ఫోటో ఒక్కటే ఉంది. అది పాత లెన్సుతో తీసింది, అప్పుడు మామ పట్టుబట్టి రంధ్రం ఎఫ్ 8కి మూయించాడు, నేను విసుక్కుంటూ తీశాను. తెరిచి చూస్తే ఆరో వరుస అందులో అంతే తేటగా ఉంది. 1984 లెన్సు, బూజుతో సహా. ఆ బూజు నాలుగు గీతలు ఫోటోలో ఎక్కడా కనబడలేదు. ఎదురెండలో తీసి ఉంటే కనబడేదేమో.

ఇది జరిగినప్పటి నుంచి నేను ఫోటోలు చూసే పద్ధతి మారింది. మన తరగతిలో అమ్రాబాద్ వైపు చెంచు పెంట నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఉంది, తన పేరు రాయొద్దన్నది. హైమెండార్ఫ్ అనే ఆయన 1940లో భార్యతో కలిసి వచ్చి ఆ అడవుల్లో చెంచుల మధ్య ఉండి ఫోటోలు తీశాడు, 1943లో పుస్తకం వేశాడు. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. సోషల్ సార్ ముందు జిరాక్సు కాగితాలు చూపించారు. జిరాక్సులో మనుషులు నల్లటి నీడలు, అంతే. తర్వాత కంప్యూటర్ ల్యాబ్‌లో అసలు ఫోటోలు తెరిచారు. నేను మొహాలు చూస్తున్నాను, ఎంత బాగున్నారు అని. నా స్నేహితురాలు మాత్రం గుడిసె కప్పు మీదనే కన్ను పెట్టి, "గడ్డి ఎట్ల కట్టిండ్రో చూడు, మా తాత గిట్లనే చెప్తడు" అన్నది. ఫోటో తీసిన ఆయనకు ఈ పిల్ల వస్తదని, కప్పు కట్టు చూస్తదని ఏమి తెలుసు?

అంతకన్నా ముందటివి కూడా సార్ చూపించారు. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ ఫోటోలు తీసేవాడు, 1905లో చనిపోయాడు. ఆయన కాలం లెన్సులకు పూతే లేదు. అయినా మేడల కిటికీలు, అంగీ గుండీలు ఎంత తేటగా ఉన్నాయో. అప్పట్లో ఫిల్మ్ కాదు, పెద్ద పెద్ద గాజు పలకలు. పలక ఎంతో ఫోటో అంతే, పెద్దది చేయాల్సిన పని లేదు కాబట్టి లెన్సు లోపం కూడా పెద్దది కాలేదు. లెన్సు పాతదా కొత్తదా అని ఒక్కటే అడిగితే సగమే అడిగినట్టు అని నాకు అప్పుడు తెలిసింది. ఎంత రంధ్రం, ఎటు వెలుగు, ఎంత పలక, చెయ్యి కదిలిందా, ఇవి కూడా అడగాలి.

అయినా ట్రంకు మూతకు మళ్లీ ఆ దీపాల ఫోటోనే అంటించుకున్నాను. పొద్దున పెట్టె తెరవగానే ఆమె నా వైపే చూస్తుంది. అది నాకు కావాలి. కాకీకి రెండోది కావాలి. కానీ నేను ఆ రోజు ఎఫ్ 2లోనే మొత్తం తీసుకొని ఉంటే, మామ విసిగించకపోయి ఉంటే, ఆ ఏడు వరుసలు పట్నం పోయినట్టే. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

దాదీకి ఈ లెన్సుల గొడవంతా చెప్పాను. ఆమెకు రెండు కళ్లలో శుక్లాలు, సూదిలో దారం ఎక్కించి ఆరేడు ఏండ్లయింది. లేకుంటే తనే కుట్టేది. సంక్రాంతి తర్వాత ఆపరేషన్, కంట్లో కొత్త లెన్సు వేస్తామన్నారు. "కెమెరాకు తర్వాత, ముందు నా కంట్లది మార్చుండ్రి" అని నవ్వింది.

ఇప్పుడు అసలు సంగతి. ఏడో వరుస, అన్నిటికంటే కిందిది, ఏ ఫోటోలోనూ లేదు. ముందువైపు గడ్డిలో మునిగింది, వెనకవైపు నేను ఫ్రేములోంచి కోసేశాను. దాదీ వేళ్లతో గుడ్డ మీద గీసి చూపిస్తుంది గాని ఒక్కోసారి ఒక్కో రకంగా చూపిస్తుంది. కాకీ ఆరు వరుసలు వేసుకొని కూర్చున్నది. దాదీ పుట్టిల్లు వెల్దండ వైపు తండా. ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న వాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉండొచ్చు. వెల్దండ, ఆమనగల్లు, వంగూరు వైపు తండాల నుంచి వచ్చిన అక్కలు, చెల్లెళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. ఈ సెలవులకు పోయినప్పుడు మీ దాదీల, నానీల పాత ఫేట్యాల అంచు ఒకసారి చూడండి. ఎర్ర గుడ్డ, అన్నిటికన్నా కింద గవ్వల వరుస, దాని మీద తెల్లదారంతో కుట్టు ఉంటే ఫోటో తీసుకొని రండి. ఫోను అయినా సరే. వెనకాల మసక చేసే పద్ధతి పెట్టకండి. ఎండలో వద్దు, అద్దాలు మండుతాయి, నీడలో తీయండి. ఫోను గోడకో స్తంభానికో ఆనించి పట్టుకోండి. బట్టను దులిపి, నేల మీద పరిచి, కింది అంచు పూర్తిగా పడేటట్టు తీయండి.

ఇంటర్ మొదటి సంవత్సరం, ఎం.పి.సి., కిటికీ పక్క మంచం. అక్కడ అడిగితే ఎవరైనా నన్ను చూపిస్తారు.